బాతులు గుడ్లు మానేశాయి, ఒకటి కుంటుతోంది. ఏ మందు వెయ్యాలి?

నరసన్నపేట పెరడు
పొద్దున్నించీ దీంతోనే సరిపోయింది, ఏటీ తేలట్లేదు. మాకు 14 బాతులు. రోజూ తొమ్మిది గుడ్లు వచ్చేవి, పది రోజులుగా మూడుకి మించట్లేదు. వచ్చినవాట్లో రెండు తోలుగుడ్లు, పట్టుకుంటే నలిగిపోతున్నాయి. నిన్న సాయంత్రం నుంచి ఒక బాతు కాళ్లు ఎడంగా పెట్టి కుంటుతోంది, మేత ముట్టట్లేదు. మేత మార్చలేదు, చోటు మార్చలేదు. మందుల షాపుల్లో ఒక్కొక్కరు ఒక్కో మాట. ఏ మందో సూటిగా చెప్పండి.

రాజాం పెరటికోళ్లు
కాళ్లు అనగానే నయాసిన్ (B3 విటమిన్) చూడాలండి. బాతులకి కోడి మేత పెట్టేవాళ్లు చేసే పెద్ద తప్పు ఇదే. బ్రాయిలర్ కోడిపిల్లకి కిలో మేతలో 35 మిల్లీగ్రాముల నయాసిన్ సరిపోతుంది, బాతుపిల్లకి 55 కావాలి. అది చాలకపోతే మోకీలు వాచి, కాళ్లు విల్లులా వంగిపోతాయి. ఒకసారి ఎముక వంగాక మళ్లీ సాపు కాదు. ఈస్ట్ పొడి మేతలో కలపండి, రోజూ కలపండి. మొదటి పది వారాలూ మానకూడదు. ఈ ఒక్కటీ తెలియక మన జిల్లాల్లో ఎన్ని పిల్లలు పోతున్నాయో.

చీపురుపల్లి
ఇవి గుడ్లు పెట్టే బాతులు. పిల్లలు కావు.
వయసెంత? మగవెన్ని? మేతేటి, ఎంత? పొద్దున్న ఎన్నింటికి వదుల్తారు? ఇప్పటికే ఏం మందు వేశారు? ఇవి చెప్పకుండా ఎవరూ ఏమీ చెప్పలేరు.

నరసన్నపేట పెరడు
ఇవన్నీ అవసరమనుకోలేదండి. వయసు ఏడాదిన్నర ఉంటుంది. మగవి నాలుగు. సాయంత్రం తవుడు, నూకలు కలిపి పెడతాం, పగలంతా మడిలోనే తింటాయి. కోత అయిపోయిందని ఐదున్నరకే వదిలీస్తన్నాం. టెట్రాసైక్లిన్ పొడి రెండు రోజులు నీళ్లలో కలిపాం, ఏటీ తగ్గలేదు.

గజపతినగరం
ముందు ఆ పొడి ఆపండి. టెట్రాసైక్లిన్ కాల్షియంని పట్టేసుకుంటుంది, ఒంటికి అందనివ్వదు. మీ బాతుకి ఇప్పుడు కావాల్సింది ఆ కాల్షియమే. ఆ మందు తాగిన బాతుల గుడ్లు ఇంట్లో వండకండి, అమ్మకండి. ఎన్ని రోజులన్నది డబ్బా మీద ఉంటుంది.

ఇక కుంటే బాతు. కాళ్లు ఎడంగా పెట్టి, తోక దించి, నిటారుగా నిలబడి ముక్కుతోందా? అలాగైతే కాలికి ఏమీ కాలేదు, గుడ్డు ఇరుక్కుంది. బాతుని చంకలో పెట్టుకుని, మలద్వారం కింద, రెండు కటి ఎముకల మధ్య వేళ్లతో మెల్లగా తడమండి. గట్టిగా గుండ్రంగా తగిలితే అదే. గట్టిగా ఏమీ లేక, పొట్ట నీళ్ల సంచిలా వేలాడితే పచ్చసొన లోపలే పడి కుళ్లుతోందని, అది ఇంట్లో అయ్యే పని కాదు.

గుడ్డే అయితే ఒక బేసిన్లో గోరువెచ్చని నీళ్లు పోసి (మోచెయ్యి పెడితే హాయిగా ఉండాలి, చురుక్కుమనకూడదు) పొట్ట మునిగేలా 20–30 నిమిషాలు కూర్చోబెట్టండి. చల్లారితే వెచ్చనివి కలపండి. తరవాత తుడిచి, ద్వారం చుట్టూ కొబ్బరినూనె రాసి, చీకటిగా, వెచ్చగా, ఒంటరిగా ఉన్న చోట ఎండుగడ్డి మీద వదిలెయ్యండి. పశువుల మందుల షాపులో నోటి కాల్షియం ద్రవం దొరుకుతుంది, పక్షులకి సీసా మీద రాసినంతే పట్టండి. రెండు మూడు గంటలయ్యాక మళ్లీ నీళ్లలో పెట్టొచ్చు.

పొట్ట నొక్కి గుడ్డు బయటకి తోసే పని మాత్రం చెయ్యకండి. లోపల చిట్లితే పెంకు ముక్కలు గుడ్డు సంచిని కోసేస్తాయి, చీము పట్టి బాతు పోతుంది. రేపు పొద్దుటికి పడకపోయినా, ఎర్రగా మాంసం బయటకి వచ్చినా డాక్టరే చూడాలి, కాల్షియం ఇంజెక్షన్ వేస్తారు. పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చెయ్యండి, లేదా మండల పశువైద్యశాలకి తీసుకెళ్లండి. ఇరవై నాలుగు గంటలు ఇప్పటికే దాటిపోయినట్టుంది, ఆలస్యం చెయ్యకండి.

టెక్కలి
సున్నం పెట్టండి, చాలు. మా వైపు పాతకాలం నుంచి ఇదే.

చీపురుపల్లి
ఏ సున్నం? గోడకి వేసేదా, తాంబూలంలోదా? తడిసున్నం నోరు, పేగు కాల్చేస్తుంది. మాట జాగ్రత్తగా వాడండి.

టెక్కలి
గుల్ల సున్నం అన్నానండి. మా సముద్రం ఒడ్డు ఊళ్లలో గుల్లలు కాల్చి చేసేది. గోడ సున్నం ఎవరు పెడతారు?

గజపతినగరం
కాల్చాక గుల్ల సున్నమూ సున్నమే, అదీ కాలుస్తుంది. మీరు అంటున్నది కాల్చని గుల్ల. ఆల్చిప్పలు గానీ, నత్తగుల్లలు గానీ కడిగి ఎండబెట్టి పెసరగింజంత ముక్కలుగా దంచాలి, పిండి చెయ్యకూడదు. పిండి త్వరగా కడుపు దాటిపోతుంది. ముక్కలు కందనకాయలో ఆగి రాత్రంతా కొంచెం కొంచెంగా కరుగుతాయి. పెంకు కట్టేది రాత్రే కదా. ఒక్క బాతుగుడ్డు పెంకుకి దాదాపు రెండున్నర గ్రాముల కాల్షియం కావాలి. రోజుకి 140 గ్రాముల తవుడు, నూకల్లో దొరికేది అందులో పదో వంతు కూడా ఉండదు. మిగతాది అది తన ఎముకల్లోంచి తీసుకుంటుంది. అందుకే నీరసం, తోలుగుడ్డు, చివరికి గుడ్డు బయటకి నెట్టే బలం లేకపోవడం.

నరసన్నపేట పెరడు
మేత ముందునుంచీ ఇదేనండి. అప్పుడు లేనిది ఇప్పుడెందుకొచ్చింది?

గజపతినగరం
మీరు పెట్టే మేత మారలేదు, మడి మారిపోయింది. ఊడుపుల నుంచి కోత దాకా మడిలో నీళ్లుండేవి, నత్తలుండేవి, పురుగులుండేవి. గుల్లతో సహా నత్తని మింగితే కాల్షియం, మాంసకృత్తులు రెండూ అక్కడే దొరికిపోయాయి. ఇప్పుడు మడి ఆరిపోయింది, రాలిన గింజ తప్ప ఏమీ లేదు. గింజతో కడుపు నిండుతుంది, గుడ్డు రాదు.

ఇంకోటి. బాతు తెల్లవారుజామున మొదలుపెట్టి తొమ్మిదింటిలోపు పెట్టేస్తుంది. ఐదున్నరకి వదిలితే సగం గుడ్లు మడిలోనో గట్టు గడ్డిలోనో పడతాయి, కుక్కలు, కాకులు తినీస్తాయి. మూడు రోజులు తొమ్మిది దాకా గూట్లోనే ఉంచి లెక్కపెట్టండి. తగ్గింది ఎంత, పోయింది ఎంత అప్పుడు తెలుస్తుంది.

చీపురుపల్లి
పది ఆడవాటికి నాలుగు మగవి ఎక్కువ. రెండు చాలు. మెడ వెనక ఈకలు ఊడిపోయాయేమో చూడండి.

పార్వతీపురం
శీతకాలంలో మన దగ్గర పగలు పదకొండు గంటలే. గుడ్డుకి 14 నుంచి 16 గంటల వెలుగు కావాలి. గూట్లో చిన్న బల్బు వెయ్యండి, వారానికి అరగంట చొప్పున పెంచండి. ఒకేసారి పెంచొద్దు. ఈకలు రాలుస్తుంటే మాత్రం ఆగండి, అప్పుడు గుడ్డు పెట్టకపోవడం సహజం.

గజపతినగరం
పది కిలోల మేత ఇంట్లో కలుపుకోవాలంటే నూకలు నాలుగున్నర కిలోలు, తవుడు 1.8, సోయా చెక్క 1.8, ఉప్పు వెయ్యని ఎండు చేపల పొడి ఒక కిలో, దంచిన గుల్ల 800 గ్రాములు, ఖనిజ మిశ్రమం 100 గ్రాములు. బాతుకి రోజుకి 130–150 గ్రాములు. వేరుశనగ చెక్క చవకని కలపాలనుకుంటే వాసన చూసి కొనండి. బూజు విషం కోడి కంటే బాతుకి చాలా త్వరగా తగులుతుంది, కాలేయం పోతుంది. తడిసిన బస్తా ఎండబెట్టినా విషం పోదు. పక్క మడిలో పెసర, మినుము చల్లి మందు కొట్టి ఉంటే కొన్నాళ్లు అటు వదలకండి.

రాజాం పెరటికోళ్లు
నయాసిన్ పెద్దవాటికీ అవసరమే, నేనన్నది అదే. కొక్కెర టీకా వేయించారా?

పార్వతీపురం
కొక్కెర అంటే రాణిఖేత్, కోళ్లది. బాతులకి వెయ్యాల్సింది ప్లేగు టీకా, ఎనిమిది వారాల వయసు దాటాక, తరవాత ఏటా ఒకసారి.

రాజాం పెరటికోళ్లు
మా ఊళ్లో అన్నింటినీ కొక్కెరే అంటారు.

పార్వతీపురం
ఆసుపత్రికెళ్లి కొక్కెర టీకా అంటే కోళ్ల టీకానే ఇస్తారు కదండి. బాతు ప్లేగుకి అది పని చెయ్యదు. పేరు సరిగా చెప్పి అడగాలి. ప్లేగైతే కళ్లు అంటుకుపోయి, ఆకుపచ్చ నీళ్ల విరేచనం అయి, రెండు మూడు రోజుల్లో వరసగా చచ్చిపోతాయి. ఇది అలా లేదు.

బొబ్బిలి
ఖాకీ క్యాంప్‌బెల్ జాతి బాతుపిల్లలు ఎక్కడ దొరుకుతాయో ఎవరికైనా తెలుసా?

నరసన్నపేట పెరడు
తడిమితే గట్టిగా తగిలింది. రెండుసార్లు నీళ్లలో పెట్టాక తెల్లారగట్ల పెట్టీసింది, పెంకు సగమే కట్టింది. నీళ్లు తాగుతోంది. గుల్లలు తెచ్చాం, దంచుతున్నాం. థాంక్సండి.

చీపురుపల్లి
తొమ్మిది దాకా ఉంచి లెక్కపెట్టారా?