డాల్ఫిన్ షోకి పిల్లల్ని తీసుకెళ్లాలా వద్దా?

మాది విజయవాడ. సెలవుల్లో దుబాయ్‌లో మా చెల్లి ఇంటికి వెళ్తున్నాం, పిల్లల కోసం డాల్ఫిన్ షోకి టికెట్లు తీస్తానంటోంది, నాకేమో మనసొప్పడం లేదు. మన దేశంలో 2013లోనే డాల్ఫినేరియంలు (డాల్ఫిన్లను ఉంచి షోలు చేయించే చోట్లు) వద్దన్నారు, అమెరికాలో సముద్ర జంతువుల షోలు నడిపే సీవరల్డ్ పార్కుల సంస్థ కూడా 2016లో ఓర్కాల (కిల్లర్ వేల్స్) బ్రీడింగ్ ఆపేస్తున్నామని ప్రకటించింది. సముద్రంలో గుంపులుగా తిరిగే ప్రాణిని కొలనులో పెట్టి గంతులేయించడం అన్యాయమే.

"ఇవి పట్టుకొచ్చినవి కాదక్కా, అక్కడే పుట్టాయి, వదిలితే బతకలేవు" అంటుంది చెల్లి. అక్కడే పుట్టినవైతే అదీ నిజమే, వేట నేర్చుకోకుండా పెరిగినవి కదా. మరి వాటినేం చేయాలి? 2019లో షాంఘై నుంచి రెండు బెలూగాలను (తెల్ల తిమింగలాలను) ఐస్‌లాండ్‌కు, సముద్రపు పాయలో కట్టిన ఆశ్రయం కోసం తరలించారు, అలాంటివి నిజంగా పనిచేస్తాయా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. టికెట్లు తీసేలోపు చెల్లికి ఏదో ఒకటి చెప్పాలి.