అప్‌డేట్: థీసిస్ సిమిలారిటీ 31% సమస్య తీరింది (అనంతపురం, వేరుశనగ మీద పీహెచ్‌డీ)

సొంతంగా రాసిన థీసిస్‌కే టర్నిటిన్‌లో (రాతను పాత పేపర్లు, థీసిస్‌లు, వెబ్‌పేజీలతో పోల్చే సాఫ్ట్‌వేర్) 31% పోలిక ఎలా వచ్చిందని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు. "శాతం కాదు, సోర్సుల జాబితా చూడు" అన్న అక్క సలహానే పనిచేసింది.

లైబ్రరీలో రిపోర్టు తెరిచి చూస్తే పెద్ద వాటా రెండింటిదే. ఒకటి, నా పేరుతోనే అచ్చైన పేపరు. రెండోది, అంతకుముందు చెక్ చేయించిన డ్రాఫ్టు: "నో రిపాజిటరీ" (డేటాబేస్‌లో దాచొద్దనే సెట్టింగు) పెట్టకపోవడంతో అది డేటాబేస్‌లో ఉండిపోయి, థీసిస్ దానితోనే సరిపోలింది. చెక్‌కి ఇచ్చేముందు ఆ సెట్టింగు తప్పకుండా అడగండి.

ఆ రెండు సోర్సులూ, రిఫరెన్సులూ మినహాయిస్తే 8% వచ్చింది. పేపరు నాదేనని గైడు సంతకంతో సర్టిఫికెట్ జతచేశాం. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల్లో 10% వరకు జరిమానా లేదు. రిఫరెన్సులు, విషయసూచిక, కృతజ్ఞతలు లెక్కలోకి రావు. 10 దాటి 40 లోపుంటే సవరించి ఇవ్వడానికి గరిష్ఠంగా 6 నెలలు. అయితే ఫలితాలు, ముగింపు అధ్యాయాల్లో పోలికే ఉండకూడదు, కాబట్టి అక్కడ రిపోర్టులో పోలిక చూపిస్తూ రంగు పడ్డ ప్రతి వాక్యాన్నీ విడిగా చూడాలి.

పారాఫ్రేజింగ్ టూల్ (వాక్యాలను వేరే మాటల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్) అవసరమే పడలేదు. దాన్ని వాడొద్దనే నా మాట: "వర్షాధార పంట"ను "వాన మీద ఆధారపడిన పైరు"గా మారిస్తే శాతం తగ్గొచ్చు కానీ శాస్త్రపదం పోతుంది, వైవాలో (మౌఖిక పరీక్షలో) దొరికిపోతాం. ఫాంటు, పీడీఎఫ్ మార్చి చూడమని కొందరిచ్చిన సలహాలకూ నా సమస్యకూ సంబంధం లేదు.