జాలి వేస్తుంది, దయ వెయ్యదు: రస్కోల్నికోవ్‌కు ఏ మాట?

1866లో రష్యాలో ధారావాహికగా వెలువడిన దస్తయేవ్‌స్కీ నవల ‘నేరము–శిక్ష’లో, తాకట్టు వ్యాపారం చేసే ముసలామెను గొడ్డలితో చంపే పేద యువకుడు రస్కోల్నికోవ్‌ను ‘దయగలవాడు’ అనవచ్చునా అన్న ప్రశ్న ఒకరు లేవనెత్తారు. దయ అతనికి అతకదని, జాలి అతుకుతుందని నా అభిప్రాయం. అందుకు కారణం నిఘంటువులోని అర్థాలలో కంటే ఆ మాటల వెంట మనం వాడే క్రియలలోనే ఎక్కువగా కనిపిస్తుంది.

ఆకలి, దాహం, చలి, భయం వేస్తాయి. జాలి కూడా వేస్తుంది. ఇటువంటి వాక్యాలలో మనిషి కర్త కాడు. ‘నాకు’, ‘అతనికి’ అంటూ ఒక పక్కన నిలబడి, తన మీదికి వచ్చినదానిని అనుభవిస్తాడు, అది పోయినప్పుడు దానిని ఆపలేడు. దయ వేసిందని మాత్రం ఎవరమూ అనము. దయ చూపుతాము, దయ తలుస్తాము. ‘దయగలవాడు’ అన్నామంటే ఆ గుణం అతనిలో నిలకడగా ఉన్నదనే అర్థం. (ఆకలిగలవాడని ఎవరినీ అనము గదా!)

ఇక వీధిలో రస్కోల్నికోవ్‌కు తాగిన మైకంలో తూలుతున్న ఒక చిన్న పిల్ల కనిపించే ఘట్టం చూడండి. ఆమె వెంట పడిన షోకిల్లారాయుడిని అడ్డుకొని, పోలీసును పిలిచి, ఆమెను బండిలో ఇంటికి చేర్చమని తన దగ్గరున్న ఇరవై కోపెక్కులు (రష్యా చిల్లర నాణేలు) ఆ పోలీసు చేతిలో పెడతాడు. మరుక్షణమే ఏదో కుట్టినట్లు మారిపోయి, వదిలెయ్యండి, మీకెందుకు అని అరుస్తాడు. పైగా తన ఇరవై కోపెక్కులు పోయాయని సణుగుతాడు. ఏటా ఇందరు ఇలా చెడిపోక తప్పదని లెక్క చెప్పేవారి ‘శాతం’ అనే మాటను తలచుకొని, ఎంత శాస్త్రీయంగా, ఎంత ఊరటగా ఉందోనని వెక్కిరిస్తాడు. తాగుబోతు గుమాస్తా మార్మెలాదోవ్ ఇంట్లో కిటికీ మీద చిల్లర పెట్టి, మెట్లు దిగుతూనే ఎందుకిచ్చానా అని నొచ్చుకున్నదీ ఇతడే. దయగలవాడు ఇలా ప్రవర్తిస్తే కపటం అనుకుంటాము; జాలి వేసినవాడు ప్రవర్తిస్తే అందులో వింతేమీ లేదు.

‘జాలి చూపు’ అని కూడా అంటాము గదా అని మీరు అడ్డుపడవచ్చు. నిజమే, కాని చూపడం మొదలుపెట్టగానే ఆ మాటలో ఇచ్చేవాడు పైన, పుచ్చుకునేవాడు కింద అనే ఎత్తుపల్లాలు వచ్చి చేరతాయి. ‘నీ జాలి నాకక్కర్లేదు’ అని విసురుగా అనేది అటువంటి జాలినే. రస్కోల్నికోవ్ ఇచ్చే డబ్బులో ఆ చూపడం లేదు, మార్మెలాదోవ్ ఇంట్లోనైతే ఎవరూ గమనించకుండానే పెట్టి వెళ్ళిపోతాడు.

ఒక్క చోట మాత్రం నాకు జాలి కూడా చాలదనిపిస్తుంది. అతని కలలో, తాగుబోతులు కొట్టి చంపిన ముసలి గుర్రం తలను ఏడేళ్ళ పిల్లవాడు కౌగిలించుకొని ముద్దులు పెడతాడు. ఆ పిల్లవాడు తానే. మేలుకున్న వెంటనే అతని మనసు గొడ్డలి మీదికి పోతుంది. ఎదుటి ప్రాణి వణుకుతుంటే తానూ వణకడం అనే భావాన్ని ‘అనుకంప’ అన్న మాట తన ధాతువులోనే మోస్తున్నది. నేను అనువదిస్తే నవలంతటా జాలి అనే రాసి, ఆ కల దగ్గర మాత్రం అనుకంప అని రాస్తాను.