హిమాచల్ ప్రదేశ్‌లో ఉన్నవారు, ఉండి వచ్చినవారు: అక్కడి జనం దేనిమీద బతుకుతారు?

బద్దీ_హైదరాబాదీ:
హైదరాబాద్‌లో మందుల కంపెనీలో పదేళ్లు పనిచేసి, నిరుడు బదిలీ మీద బద్దీకి వచ్చాను. హిమాచల్ అనగానే మంచు కొండలే కళ్లముందు మెదిలి ఇంటిల్లిపాదికీ స్వెట్టర్లు కొన్నాను గాని, మే నెలలో ఇక్కడి ఎండ జీడిమెట్ల ఎండకేమీ తీసిపోలేదు. 2003లో కేంద్రం ఇచ్చిన పన్ను రాయితీలతో వచ్చిన ఫ్యాక్టరీలు ఎక్కువగా పంజాబ్, హర్యానాలను ఆనుకొని ఉన్న ఈ పల్లపు నేలలోనే వెలిశాయి కాబట్టి, నేను చూస్తున్నది రాష్ట్రపు గడప మాత్రమేనని నా అనుమానం. పైకొండల్లో బతుకు ఎలా ఉంటుంది? ఇంకొక సందేహం: ఇక్కడ చిన్న ఇల్లు కట్టుకోవడానికి జాగా కొనవచ్చా?

పండ్ల_వ్యాపారి:
ఏటా ఆగస్టులో ఆపిల్ సరుకు కోసం షిమ్లా పైకొండల్లోని కోట్‌గఢ్, నార్కండా వైపు వెళ్తాను. అక్కడి రైతు తన తోట ఏ ఊళ్లో ఉందో చెప్పేముందు ఎన్ని అడుగుల ఎత్తులో ఉందో చెబుతాడు, ఎందుకంటే కాయ రంగు, కోత తేదీ, చివరకు ధర కూడా ఆ ఎత్తును బట్టే ఉంటాయి. కింది తోటల కాయ జులైలోనే లారీ ఎక్కితే, బాగా ఎత్తున ఉన్న కిన్నౌర్ కాయ సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో దిగుతుంది. రాయల్ డెలీషియస్ వంటి పాత రకాల చెట్టుకు చలికాలంలో ఏడు డిగ్రీల లోపు చలి వెయ్యి గంటలకు పైగా తగలాలి. మంచు సరిగా పడని ఏడాది పూత చెదురుమదురుగా వస్తుంది. అందుకే కులూ లోయలో దిగువ రైతులు కొందరు దానిమ్మకు మారారు, ఆపిల్ మాత్రం స్పితి దాకా ఎగబాకింది.

ఈ పంటకు మూలపురుషుడు ఒక అమెరికన్. కుష్ఠురోగులకు సేవ చేయడానికి 1904లో వచ్చిన శామ్యూల్ స్టోక్స్, 1916లో తన దేశం నుంచి రెడ్ డెలీషియస్ మొక్కలు తెప్పించి కోట్‌గఢ్ దగ్గర నాటాడు. అంతకుముందు కులూలో ఇంగ్లీషువారు వేసిన తోటలున్నా, అవి పులుపు రకాలు. 1932లో స్టోక్స్ హిందూ మతం స్వీకరించి సత్యానంద్ అయ్యాడు.

మా వ్యాపారులకు నచ్చకపోయినా ఒక మాట చెప్పాలి. రైతు కాయను పెట్టె లెక్కన అమ్మే రోజుల్లో, ఒకే ధరకు ముప్పై కిలోల దాకా కుక్కించుకొనేవారు. 2024 నుంచి ఇరవై కిలోలు మాత్రమే పట్టే యూనివర్సల్ కార్టన్ అనే అట్టపెట్టె తప్పనిసరి అయింది.

సట్లెజ్_ఇంజనీరు:
ఆపిల్ కథ నిజమే గాని, రాష్ట్రమంతా దానిమీదే నడుస్తున్నదంటే ఒప్పుకోలేను. నేను నాథ్‌పా ఝాక్రీ జలవిద్యుత్ కేంద్రంలో పనిచేశాను. 1,500 మెగావాట్ల ఆ కేంద్రానికి సట్లెజ్ నీరు కొండ లోపల 27 కిలోమీటర్ల సొరంగం గుండా వస్తుంది. వానాకాలంలో నది బూడిదరంగు గంజిలా మారినప్పుడు, ఆ ఇసుక టర్బైన్ రెక్కలను ఆకురాయిలా అరగదీస్తుంది కనుక, నిండుగా నీరున్నా యంత్రాలు ఆపవలసి వచ్చేది. ఇటువంటి ప్రాజెక్టుల నుంచి రాష్ట్రానికి 12 శాతం కరెంటు ఉచితంగా వస్తుంది.

అయితే ముంపు కూడా ఆ రాష్ట్రం వారిదే. 1963లో జాతికి అంకితమైన భాక్రా ఆనకట్ట వెనుక గోవింద్ సాగర్‌లో పాత బిలాస్‌పూర్ మునిగిపోయింది. వేసవిలో నీరు తగ్గితే పాత గుళ్ల శిఖరాలు బయటపడతాయి. శ్రీశైలం జలాశయంలో సంగమేశ్వరం తేలడం చూసినవారికి ఆ దృశ్యం కొత్తగా ఉండదు. నీళ్లు పారింది మాత్రం ఎక్కువగా పంజాబ్, హర్యానా, రాజస్థాన్ పొలాలకు.

పాలంపూర్_మాజీ_జవాను:
కాంగ్డాలో మూడేళ్లు ఉన్నాను. అక్కడ ఆపిల్ లేదు. వరి, గోధుమ, కాస్త తేయాకు ఉన్నాయి. ఇంటి ఖర్చు చాలావరకు సైన్యం జీతాలతోనూ పింఛన్లతోనూ గడుస్తుంది. మొదటి పరమవీరచక్ర పొందిన మేజర్ సోమనాథ్ శర్మ ఆ జిల్లావారే. 1948 ఏప్రిల్ 15న ముప్పై సంస్థానాలను కలిపి హిమాచల్‌ను ఏర్పరచినప్పుడు కాంగ్డా అందులో లేదు. 1966లో పంజాబ్ నుంచి వచ్చి చేరింది. 1971 జనవరి 25న, షిమ్లాలోని రిడ్జ్ మైదానంలో మంచు కురుస్తుండగా ఇందిరాగాంధీ పూర్తి రాష్ట్రంగా ప్రకటించారు.

బద్దీ తమ్ముడూ, జాగా మాట మరచిపో. 1972 నాటి భూసంస్కరణల చట్టం 118వ సెక్షన్ ప్రకారం, వ్యవసాయదారులు కానివారు ప్రభుత్వ అనుమతి లేకుండా అక్కడ భూమి కొనరాదు. నీకు మన ఊళ్లో పొలం ఉన్నా అది లెక్కకు రాదు, హిమాచల్‌లోనే సేద్యం ఉండాలి. మైదానాల డబ్బు కొండవాళ్ల పొలాలను మింగేస్తుందన్న భయంతో పెట్టిన నిబంధన అది. బయటి వారమైన మనకు ఇబ్బందే గాని, నా మటుకు సబబేననిపిస్తుంది.

బద్దీ_హైదరాబాదీ:
అయితే అద్దె ఇల్లే గతి, అన్నగారూ. పండ్ల వ్యాపారి గారూ, ఈసారి నార్కండా వెళ్లేటప్పుడు ఒక మాట చెప్పండి, వెంట వస్తాను. ఆ స్వెట్టర్లకు ఇంకా మడత విప్పలేదు.