‘ఫ్రీజ్’ చేసిన పరమాణువును తెలుగులో ఏమందాం?

ప్రోటీన్ల కంప్యూటర్ సిమ్యులేషన్ మీద ఒక వ్యాసం రాస్తున్నాను. ప్రోటీన్‌లో మనం గమనించక్కర్లేని భాగంలోని పరమాణువులను కదలనివ్వకుండా ‘ఫ్రీజ్’ చేస్తుంటారు. నేను ‘ఘనీభవింపజేస్తారు’ అని రాశాను. మా తమ్ముడు చదివి, “ఎన్ని డిగ్రీలకు చల్లబరుస్తారు?” అన్నాడు. దొరికిపోయాను. సిమ్యులేషన్ నడిపేది మామూలుగా 300 కెల్విన్ దగ్గర, అంటే సుమారు 27 డిగ్రీలు. అంత వెచ్చదనంలో నెయ్యి కూడా గట్టిగా పేరుకోదు! మంచి మాటేదైనా చెప్పండి.

— పేపర్లలో ‘ఖాతాలు స్తంభింపజేశారు’ అని రాస్తారుగా. అదే వాడెయ్యండి.

— స్తంభింపులో చలి లేదు, సంతోషం. కానీ స్తంభించిన ట్రాఫిక్ కాసేపటికి కదులుతుంది. నేను రోజూ గ్రోమాక్స్ అనే సిమ్యులేషన్ ప్రోగ్రాంతో ఈ పనే చేస్తాను, నా ఓటు ‘పాతేయడం’కి. ఫ్రీజ్ చేసిన పరమాణువు మీద ఎంత బలం పడినా ప్రోగ్రాం లెక్కచెయ్యదు, దాని వేగం సున్నా. అది మాత్రం పక్కవాటిని నెడుతూ, లాగుతూనే ఉంటుంది. పొలంలో హద్దురాయి చూడండి. తన్నుకుంటే మన బొటనవేలు చితుకుతుంది, రాయికేం కాదు.

— మరి పొజిషన్ రిస్ట్రెయింట్? చుట్టూ నీళ్లు సర్దుకునేదాకా ప్రోటీన్‌ని పట్టి ఉంచుతారే, అది. పలుపుతాడుతో కట్టడం అందామా?

— పలుపు బిగిసేదాకా దూడను లాగదండీ. ఇక్కడ కాస్త జరిగినా వెనక్కి లాగుతుంది, జరిగేకొద్దీ ఇంకా గట్టిగా. రబ్బరుతాడు అనండి.

— కన్‌స్ట్రెయింట్‌ని కూడా వీటితో కలిపేస్తారు కొందరు. 1977 నాటి షేక్ (SHAKE), 1997 నాటి లింక్స్ (LINCS) పద్ధతులు చేసేది బంధం పొడవు మారకుండా చూడటమే. పరమాణువులు రెండూ ఎక్కడికైనా పోవచ్చు, మధ్య దూరం మాత్రం మారదు. అచ్చం కావడి! మోసేవాడు ఊరంతా తిరిగినా బద్ద పొడవు అంతే.

— కావడి అద్భుతం, తీసేసుకుంటున్నాను. పాతేయడం కూడా ఖాయం చేసుకున్నట్టే.

— ఒక్క మెలిక ఉంది. పీడనం సరిచేయడానికి ప్రోగ్రాం, పరమాణువులన్నీ ఉండే ఊహాపెట్టె కొలతలు మార్చినప్పుడు, ఫ్రీజ్ చేసినవాటి స్థానాలూ దానితోపాటు మారిపోవచ్చు. రాయి పాతాం సరే, పొలమే కుంచించుకుపోతే?

— అయితే ఆ వాక్యంలో ‘పెట్టె కొలతలు మార్చనంతవరకు’ అని చేర్చుకుంటాను. మా తమ్ముడు మళ్లీ చదువుతాడు.