మా వాడు హైస్కూల్లోనే వెల్డింగ్ నేర్చుకుంటానంటున్నాడు, సంతకం పెట్టమంటారా?

ఇద్దరు పిల్లల తల్లి:

అందరికీ నమస్కారం. మా పెద్దాడికి పదహారేళ్ళు. వాళ్ళ స్కూల్లో ఈ ఏడాది వృత్తి విద్య క్లాసు మొదలుపెట్టారు. పొద్దున మామూలు పాఠాలు, మధ్యాహ్నం వెల్డింగ్. రెండో టర్మ్ నుంచి వారానికి రెండు రోజులు బయట ఒక ఫ్యాబ్రికేషన్ వర్క్‌షాపుకి పంపిస్తారట. చేరతానని మా వాడు ఒకటే పట్టు. లెక్కల్లో ఎప్పుడూ అత్తెసరు మార్కులే. కానీ ఇంట్లో ఏది పాడైనా విప్పి చూస్తేగానీ వాడికి నిద్ర పట్టదు.

వాళ్ళ నాన్నగారు ససేమిరా అంటున్నారు. చదువు అబ్బనివాళ్ళు పోయే దారి అది అని ఆయన ఉద్దేశం. నా భయాలు వేరు. కళ్ళు దెబ్బతింటాయేమో, ఒళ్ళు కాలుతుందేమో. నేర్పిస్తామని తీసుకెళ్ళి ఊరికే చాకిరీ చేయించుకుంటారేమో. రేపు మనసు మారి పైచదువు చదువుతానంటే దారి మిగులుతుందా? శుక్రవారంలోపు ఫారం మీద సంతకం పెట్టాలి. చాలా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

వర్క్‌షాపు మాస్టారు:

అమ్మా, నేను ఇరవై రెండేళ్ళు హైస్కూలు పిల్లలకి వెల్డింగ్ నేర్పాను. మీరు అడిగినవాటిలో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది చాకిరీ సంగతి. దాని గురించి చివర్లో చెబుతాను.

ముందు కళ్ళు. ఆర్క్, అంటే వెల్డింగ్‌లో పుట్టే కరెంటు మెరుపు, దాని వెలుగులో అతినీలలోహిత కిరణాలు ఉంటాయి. నల్లద్దం లేకుండా చూస్తే అప్పటికప్పుడు ఏమీ తెలియదు. కొన్ని గంటలు పోయాక, చాలాసార్లు రాత్రి పడుకున్నాక, కళ్ళలో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది. పని చేసేవాడికే కాదు, పక్కన నిలబడి చూసేవాడికీ అంతే. అందుకే మీరు క్లాసు చూడ్డానికి వెళ్తే రాడ్ పట్టుకున్న పిల్లాడి కంటే పక్కన నిలబడ్డ పిల్లాడిని గమనించండి. వాడి ముఖానికి షీల్డ్ ఉందా? మధ్యలో తెర కట్టారా? 100 ఆంపియర్ల పనికి సాధారణంగా 10 లేదా 11 నంబరు నల్లద్దం వాడతారు, నంబరు పెరిగేకొద్దీ నలుపు ఎక్కువ. ఇంకొకటి, స్లాగ్, అంటే వెల్డ్ మీద గట్టిపడిన పెంకు, కొట్టేటప్పుడు పిల్లలు షీల్డ్ పైకి ఎత్తేస్తారు. వేడి పెంకు ఎగిరి కంట్లో పడేది సరిగ్గా అప్పుడే. కాబట్టి షీల్డ్ కింద తెల్ల కళ్ళజోడు కూడా ఉండాలి. నైలాన్ బట్టలు వద్దు, మందపాటి నూలు బట్టలు వేసి పంపండి. జింక్ పూత ఉన్న రేకుని, పైపుని గాలి ఆడని గదిలో వెల్డ్ చేస్తే ఆ పొగకి సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది. ఆ పూత తీసేశాకే వెల్డ్ చేయిస్తున్నారా, పొగ బయటికి లాగే ఫ్యాన్ ఉందా అని అడగండి.

ఇక లెక్కలు. మా క్లాసులో ఒక అబ్బాయి ఉండేవాడు, లెక్కల పీరియడ్‌లో నిద్రపోతాడని పేరు. వాడికి చిన్న గేటు ఫ్రేమ్ ఇచ్చాను, 900 మిల్లీమీటర్లు అడ్డం, 1200 నిలువు. మూల నుంచి మూలకి టేపు పెట్టి కొలిస్తే రెండు వైపులా 1500 రావాలి. వాడికి ఒకవైపు 1497, ఇంకోవైపు 1503 వచ్చింది. టేపు తప్పంటాడు. మూడుసార్లు కొలిచాడు. అప్పుడు కూర్చోబెట్టి చెప్పాను: నువ్వు ఒక మూలని పూర్తిగా వెల్డ్ చేసేశావు, అది చల్లారుతూ ఇనుముని తన వైపు లాక్కుంది. ముందు నాలుగు మూలలా టాకులు, అంటే కదలకుండా పట్టి ఉంచే చిన్న చిన్న వెల్డ్ చుక్కలు, పెట్టాలి, మూలకి మూల కొలవాలి, ఆ తర్వాతే ఒక మూల, దాని ఎదురు మూల వెల్డ్ చేసుకుంటూ పోవాలి. ఈ 1500 ఎక్కడి నుంచి వచ్చిందని వాడే అడిగాడు. పైథాగరస్ సిద్ధాంతం నేలమీద సుద్దముక్కతో గీసి చెప్పాను. ఆ ఏడాది లెక్కల మాస్టారే వచ్చి, వీడికి ఏం చేశారండీ అని నన్ను అడిగారు. చదువు రానివాళ్ళ దారి అనే మాట వింటే నాకు బాధేస్తుందమ్మా, ఆ పిల్లాడి ముఖం గుర్తొస్తుంది.

పైకి నున్నగా కనిపించే వెల్డ్‌ని నేను ఎప్పుడూ నమ్మలేదు. రెండు ముక్కల్ని ఒకవైపే అతికించమని, వైస్‌లో బిగించి సుత్తితో విరగ్గొట్టించేవాణ్ణి. విరిగిన చోట లోపల స్లాగ్ ఇరుక్కుందా, అతుకు అడుగు దాకా కరిగిందా అన్నీ కనిపిస్తాయి. తన తప్పుని తనే చేత్తో పట్టుకుని చూస్తాడు. మీ వాడి క్లాసులో ఇలాంటిది ఉందేమో కనుక్కోండి, లేకపోతే పెట్టమని అడగండి.

చాకిరీ మాటకొస్తే, ఒక ఏడాది ఒక కుర్రాణ్ణి బయట ఒక షాపుకి పంపాం. మూడు నెలలు వాడి చేత రెడ్ ఆక్సైడ్ పూయించారు, నేల ఊడిపించారు. వాడు నోరు తెరిచి చెప్పలేదు, నేను వెళ్ళి చూడలేదు. ఆ మూడు నెలలు వాడికి తిరిగి ఇవ్వలేకపోయాను. అప్పటి నుంచి ప్రతి పిల్లాడికీ ఒక పుస్తకం పెట్టాను. ఆ రోజు ఏం పని చేశాడు, ఎన్ని గంటలు, ఎవరు నేర్పారు, కింద నేర్పినవాళ్ళ సంతకం. వారం వారం నేను చూసేవాణ్ణి. ఏ నెలలో ఏ పని నేర్పుతారో ముందే కాగితం మీద రాయించుకోండి. జర్మనీలో పిల్లలు కంపెనీలో పని నేర్చుకుంటూ, వారంలో ఒకటి రెండు రోజులు వృత్తి బడికి వెళ్తారు. అక్కడ శిక్షణ ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలని చట్టమే చెబుతుంది. రాసి ఇవ్వమంటే ఎవరైనా చిరాకు పడితే ఆ షాపు వద్దు.

వైరింగ్ పని చేసేవాణ్ణి:

అక్కా, నేను ఇలాంటి క్లాసులోనే ఎలక్ట్రికల్ నేర్చుకున్నాను. పైచదువు గురించి నా అనుభవం చెప్తాను. చేతికి పని వచ్చేసింది కదా అని నేను లెక్కలు, ఫిజిక్స్ తేలిక గ్రూపులోకి మార్చుకున్నాను. ఎవరూ వద్దనలేదు. నాలుగేళ్ళ తర్వాత డిప్లొమాలో చేరదామంటే ఆ రెండూ మళ్ళీ మొదటి నుంచి చదవాల్సి వచ్చింది. పగలు పని, రాత్రి పాఠాలు, నరకం చూశాను. మీ వాణ్ణి లెక్కలు మాత్రం వదలనివ్వకండి. ఈ కోర్సు చేసినవాళ్ళు పైన ఏ కోర్సుల్లో చేరడానికి అర్హులో స్కూలు వాళ్ళ దగ్గర రాతలో తీసుకోండి. నోటిమాట వద్దు.

బావగారికి కోపం రాకపోతే ఒక మాట. ఆయన్ని ఒక్క మధ్యాహ్నం ఆ వర్క్‌షాపులో నిలబెట్టండి.

ఫ్యాబ్రికేషన్ షాపు నడుపుతున్నాను:

మేడమ్, మేమూ స్కూలు పిల్లల్ని తీసుకుంటాం. మొదటి నెల కొలవడం, మార్కింగ్, కటింగ్, టాకులు మాత్రమే. గ్రైండర్ దగ్గర పిల్లాణ్ణి ఒంటరిగా వదలం. ఎత్తు మీద పని ఇవ్వం. ప్రమాదకరమైన పనికి కనీస వయసు 18 అని 1973 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందం చెబుతుంది. సరైన శిక్షణ, రక్షణ ఉంటేనే 16 నుంచి మినహాయింపు. మీ దేశంలో చట్టం ఇంకా గట్టిగా ఉండొచ్చు, స్కూల్లో అడగండి. దెబ్బ తగిలితే ఇన్సూరెన్స్ స్కూలుదా, షాపుదా? ఇది తప్పకుండా అడగాల్సిన ప్రశ్న. చాలామంది దెబ్బ తగిలాకే అడుగుతారు.

ఇద్దరు పిల్లల తల్లి:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఈ రోజు మధ్యాహ్నం ఇద్దరం కలిసి వెళ్ళాం. మాస్టారూ, మీరన్నట్టే పక్కన నిలబడ్డ పిల్లల్ని చూశాను. అందరికీ షీల్డ్‌లు ఉన్నాయి, తెర కూడా ఉంది. విరగ్గొట్టే పరీక్ష గురించి అడిగితే అక్కడి సారు బల్ల కింద నుంచి ఒక డబ్బా లాగారు, నిండా విరిగిన ముక్కలే. ఒక ముక్క మా ఆయన చేతిలో పెట్టి, లోపల నల్లటి గీత చూపించి, ఇది ఎందుకొచ్చిందో మీ అబ్బాయినే అడగండి అన్నారు. మా వాడు చెప్పాడు, స్లాగ్ సరిగా తీయకుండా దాని మీదే రెండోసారి వేశారని. ఎక్కడ నేర్చుకున్నావురా అంటే, కిటికీ దగ్గర నిలబడి విన్నాడట. మా ఆయన దారంతా ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చాక ఫారం ఎక్కడ పెట్టావని అడిగారు.

నెలవారీ పని కాగితం ఇచ్చారు. లెక్కలు మామూలు గ్రూపులోనే ఉంటాయట. ఇన్సూరెన్స్ సంగతి మాత్రం స్కూలు వాళ్ళు షాపుదంటున్నారు, షాపు వాళ్ళు స్కూలుదంటున్నారు. గురువారం ఇద్దరినీ కూర్చోబెట్టి తేలుస్తామన్నారు.

వర్క్‌షాపు మాస్టారు:

అది కాగితం మీదికి వచ్చేదాకా సంతకం పెట్టకండమ్మా. శుక్రవారం దాటినా పర్వాలేదు, గడువు పెంచమని అడగండి. ఈలోగా వాడికి ఒక టేపు, సుద్దముక్క ఇచ్చి ఇంట్లో తలుపులన్నీ మూలకి మూల కొలవమనండి.