డిక్కీలోంచి లొడలొడ, అంతా ఖాళీ చేసినా ఆగట్లేదు

ఖమ్మం సెడాన్:
అందరికీ నమస్తే. నాది పెట్రోల్ సెడాన్, నాలుగేళ్ల బండి. ఈమధ్య డిక్కీలోంచి ఒకటే లొడలొడ. సూర్యాపేట హైవే ఎక్కితే చడీచప్పుడూ ఉండదు. మా కాలనీలోకి తిరిగి, ఇరవై ముప్పై స్పీడులో సిమెంటు రోడ్డు అతుకుల మీద పోతుంటే మొదలవుతుంది. "వెనక ఎవరన్నా గిన్నెలు తోముతున్నారా" అని మా ఆవిడ ఎగతాళి. విచిత్రం ఏంటంటే, వెనక సీటు నిండా మనుషులు కూర్చుంటే బాగా తగ్గిపోతుంది.
గొడుగు, నీళ్ల క్యాను, పిల్లాడి బ్యాటు అన్నీ తీసేశాను. సర్వీస్ సెంటర్లో చెబితే ఒక రౌండు వేసొచ్చి "ఈ వయసు బండికి మామూలే సార్" అన్నారు. తెలిసినతనేమో డిక్కీ అంతా డ్యాంపింగ్ షీటు కొట్టించమంటున్నాడు. కొట్టించనా?

బెజవాడ బాబాయ్:
తమ్ముడూ, షీటు జోలికి ఇప్పుడే పోకు. ఆ బ్యూటైల్ షీటు చేసే పని రేకు అదరకుండా పట్టుకోవడం. ఏదన్నా వదులై కొట్టుకుంటుంటే దాని మీద ఎన్ని షీట్లు వేసినా కొట్టుకుంటూనే ఉంటుంది. ఆటోనగర్లో షెడ్డు నడిపినన్నాళ్లూ నేను చూసింది ఇదే: చప్పుడు ఎక్కడ పుడుతోందో తేల్చుకోకుండా పైపైన మూసేసి, మళ్లీ మా దగ్గరికే వచ్చేవాళ్లు.

అన్నీ తీసేశానన్నావు. కార్పెట్ ఎత్తావా? కింద స్టెపినీ, జాకీ, వీల్ స్పానర్, టోయింగ్ హుక్కు ఉంటాయి. ఎప్పుడన్నా పంక్చర్ వేయించి ఉంటే సగం అనుమానం అక్కడే. పంక్చర్ కుర్రాడు స్టెపినీ మధ్యలో బోల్టు రెండు చుట్లు తిప్పి వదిలేస్తాడు. జాకీని పూర్తిగా మడిచేసి దాని గూట్లో పడేస్తాడు. అది మడిచి పెట్టేది కాదు. కత్తెర జాకీని గూట్లో పెట్టాక, దాని స్క్రూని జాకీ లేచే వైపుకి చేత్తోనే కొద్దికొద్దిగా తిప్పుతూ పోతే జాకీ పైకి లేచి గూటి అంచులకి బిగుసుకుంటుంది. చేత్తో ఊపినా కదలకూడదు. స్పానర్‌ని పాత బనీనులో చుట్టి పెట్టు.

తర్వాత డిక్కీ మూత. మూత మూసి, వెనక అంచు మీద అరచేత్తో నొక్కు. కిందకి దిగి పైకి లేస్తుంటే మూత వదులు. మూతకి రెండు మూలలా రబ్బరు గుబ్బలుంటాయి, చాలా బండ్లకి అవి మర తిప్పేవే. అర చుట్టు బయటికి తిప్పి మూసి చూడు. ఎక్కువ తిప్పితే మూత దబదబా కొడితే గానీ పడదు, లాక్ మీద భారం పడుతుంది. చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్ సంగతి తెలియాలంటే అక్కడక్కడా కాయితం ముక్క పెట్టి మూత వేసి లాగు. ఏ చోట సులువుగా వచ్చేస్తే అక్కడ రబ్బరు అణిగిపోయినట్టు. లాక్ పట్టుకునే ఇనప కొక్కెం బోల్టులు విప్పాల్సి వస్తే ముందు దాని చుట్టూ మార్కర్‌తో గీత గీసుకో, లేకపోతే మళ్లీ పాత చోట కూర్చోబెట్టడానికి చుక్కలు కనపడతాయి.

అయితే నీ విషయంలో నా అనుమానం వేరే. మనుషులు కూర్చుంటే తగ్గుతోందంటే వెనక సీటు వీపు లాక్ చూడు. మడిచే సీటైతే భుజం దగ్గర లాక్, దానికెదురుగా బాడీకి ఇనప కొక్కెం ఉంటాయి. కొక్కెం మీద ప్లాస్టిక్ తొడుగు అరిగితే ఇనుముకి ఇనుము తగిలి టకటకమంటుంది. మనిషి ఆనుకుంటే బిగుస్తుంది. సీటు బెల్టు బకిల్ కూడా ప్లాస్టిక్‌కి కొట్టుకుంటుంది, బెల్టులన్నీ పెట్టేసి ఒక రౌండు వెయ్యి.

ఇంకొకర్ని నడపమని నువ్వు వెనక సీట్లో కూర్చుని, ఒక్కో చోట చెయ్యి ఆనించి విను. డిక్కీలో పడుకుని వినడం లాంటి సాహసాలు వద్దు. పొగ లోపలికి చేరుతుంది, వెనక నుంచి ఎవడన్నా గుద్దితే అంతే సంగతులు.

హైదరాబాద్ హ్యాచ్:
అన్నా, నంబర్ ప్లేటు కూడా చూసుకోండి. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకి వచ్చే హెచ్ఎస్ఆర్పీ (హై సెక్యూరిటీ) ప్లేటు, ఒకసారి వేస్తే మళ్లీ ఊడని స్నాప్ లాక్‌తో ఉంటది, విప్పరాదు, విప్పొద్దు కూడా. నా బండికి మూత వేసినప్పుడల్లా చివర్లో రేకు చప్పుడు. ప్లేటు వెనక సందులోకి ఫోమ్ టేపు ముక్కలు స్కేలుతో తోసిన, అయిపోయింది.

గుంటూరు సీఎన్జీ:
బాబాయ్ గారూ, నాది వేరే గోల. డిక్కీలో సీఎన్జీ సిలిండర్ ఉంది. బండి నిలబడి ఉన్నా, యాక్సిలరేటర్ తొక్కితే జర్రుమంటుంది. సిలిండర్ బిగింపు నట్లు నేనే బిగించుకోవచ్చా?

బెజవాడ బాబాయ్:
గుంటూరు తమ్ముడూ, దాని మీద చెయ్యి వెయ్యకు. సిలిండర్, పైపులు, బ్రాకెట్లు అనుమతి ఉన్న సెంటర్ వాళ్లే చూడాలి. సిలిండర్ ఒత్తిడికి ఆగుతుందో లేదో చూడ్డానికి మూడేళ్లకోసారి చేయించే హైడ్రో టెస్టు దగ్గర పడితే రెండూ ఒకేసారి అయిపోతాయి. కానీ నిలబడ్డ బండిలో ఇంజను వేగంతో పాటు పెరిగే జర్రు చాలాసార్లు సైలెన్సర్‌ది. దాని పైనున్న వేడి ఆపే రేకు తుప్పు పట్టి ఊడుతుంది, లేదా సైలెన్సర్ వేలాడదీసే రబ్బరు తెగుతుంది. బండి చల్లారాక వంగి చూడు. గుంటల్లో వచ్చే చప్పుడు ఒక జాతి, ఇంజనుతో వచ్చేది ఇంకో జాతి, రెండూ కలిపేస్తే తేలదు.

ఖమ్మం సెడాన్:
బాబాయ్ గారూ, దండం మీకు! స్టెపినీ గట్టిగానే ఉంది. జాకీ మాత్రం గూట్లో అటూ ఇటూ పొర్లుతోంది, మీరన్నట్టే స్క్రూ తిప్పి బిగించా. సగం తగ్గింది. మిగతాది ఎడమ సీటు లాక్. కొక్కెం మీద తొడుగు ఒక పక్క చీలి ఊగుతోంది, కింద ఇనుము మెరుస్తోంది. వైరింగుకి చుట్టే బట్ట టేపు చుట్టాను. ఇప్పుడు అతుకుల మీద టైర్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.
ఒక్కటే మిగిలింది. పొద్దున్నే బండి తీస్తే మూత దగ్గర కీచుకీచుమంటుంది, ఎండెక్కాక పోతుంది. కొబ్బరి నూనె రాయమంటోంది అమ్మ.

బెజవాడ బాబాయ్:
అమ్మగారికి నమస్కారం చెప్పి నూనె సీసా వంటింట్లోనే ఉంచమను. ఇంజనాయిలూ వద్దు, వాజిలీనూ వద్దు, ఆ రబ్బరు ఉబ్బి పాడవుతుంది. బీడింగ్‌ని తడిబట్టతో తుడిచి, ఆరాక సిలికాన్ గ్రీజు వేలితో పలచగా రాయి. చిన్న ట్యూబు చాలు.

ఇంకో మాట. టేపు చుట్టాక ఆ సీటు వీపుని ముందుకి గట్టిగా గుంజి చూశావా? టేపు మందమైతే లాక్ పైకి పడ్డట్టే ఉంటుంది, లోపల పూర్తిగా పట్టదు. కొన్ని బండ్లకి లాక్ బొత్తాం పక్కన ఎర్ర గుర్తు ఉంటుంది, అది కనపడుతుంటే పడనట్టే. ఆ సీట్లో పిల్లాడు కూర్చుంటాడు కదా, ఒక చుట్టు తగ్గించినా ఫర్వాలేదు. వీలైతే కొత్త తొడుగే తెప్పించు, పార్టు నంబరు చెబితే ఆర్డరు పెడతారు.